ఊడని రబ్బరు బూట్లు

ఒక మనిషి పరువు నారాయణరావుపేట దాకా నడిచి వెళ్లి, మామగారి వాకిట్లో ఎలా పోయిందో చెబుతాను. ఆ మనిషిని నేనే. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

యుద్ధం ముగిసిన మరుసటి వానాకాలం. నాకు అప్పుడే కొత్తగా పెళ్లయింది. ఆషాఢమంతా నా భార్య ఈశ్వరమ్మ పుట్టింట్లో ఉంది. శ్రావణం రాగానే నేను సిద్దిపేట నుంచి వెళ్లి తీసుకురావాలి. నేను వెళ్లిన రోజు పొద్దు నడినెత్తికి రాకముందే ఆమెతో అక్కడి నుంచి బయలుదేరకపోతే, మళ్లీ నాలుగు రోజుల దాకా మంచి ఘడియ లేదని అయ్యవారు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మా మేనబావ పట్నం నుంచి రబ్బరు బూట్లు తెచ్చిచ్చాడు. తాళ్లు లేవు, ముళ్లు లేవు. కాలు దూర్చితే చాలు. చుక్క నీరు లోపలికి పోదట. ఒక సైజు చిన్నవే. రబ్బరు కదా, సాగుతుందిలే అనుకున్నాను. ఈ 'లే' అనే అక్షరం ఎన్ని కొంపలు ముంచిందో మీకూ తెలుసు.

దారంతా బురద, బూట్లు చేత పట్టుకుపోయి ఊరి ముందర తొడుక్కోమని నన్ను కన్న అవ్వ నెత్తీనోరూ కొట్టుకుంది. బురద కోసమే పుట్టిన బూట్లను చంకలో పెట్టుకుపోతే వాటికి అవమానం కాదా? తొడుక్కునే బయలుదేరాను.

వాగులో మోకాలి లోతు నీళ్లు. మా బావ అబద్ధమాడలేదు, రబ్బరులోంచి చుక్క కూడా పోలేదు. పైనుంచి కడివెడు పోయింది. పోయినది బయటికి రాలేదు. ఇక అడుగడుక్కీ బర్రె బురదలోంచి లేచిన చప్పుడే. ఊరు చేరేసరికి నా కాళ్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బాయి.

వాకిట్లో మామ మంచం వేసి, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చాడు. ఒక బూటు లాగాను. రాలేదు. రెండోది లాగాను. అది మొదటిదానికి తోబుట్టువు.

అత్త అల్లుడితో నేరుగా మాట్లాడే రోజులు కావవి. తలుపు చాటు నుంచి మామకే చెప్పింది, "బూట్లు ఇడ్సి లోపలికి రమ్మనుండ్రి. అన్నం సల్లారుతుంది."

"ఇడుస్తుండు" అన్నాడు మామ. కాసేపాగి, "ఇంకా ఇడుస్తనే ఉన్నడు" అన్నాడు.

చివరికి ఆయనే బూటు పట్టి లాగాడు. మంచంతో సహా నేను వాకిలంతా తిరిగాను. ఆముదం పోశారు. అది బూట్లోకి దిగకుండా మామ చేతులకు అంటింది. పట్టు జారి ఆయన జొన్నచొప్ప మీద వెల్లకిలా పడ్డాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను గడపే గెలవలేకపోయాను. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదంటారు. నాకు శ్రావణంలోనూ అదే రాత. అన్నం వాకిట్లోకే వచ్చింది.

ఈశ్వరమ్మ మూట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని పొద్దును చూస్తోంది. పొద్దు నడినెత్తి దాటింది. ఆమె మూట పక్కన పెట్టి, లోపలికి పోయి కొడవలి తెచ్చింది.

"బాపూ, కాలు కదపొద్దని చెప్పు. నేనే కోస్త."

రెండు బూట్లూ నిలువునా చీలాయి. బొళబొళా నీళ్లు, వాటితో ఒక చేపపిల్ల.

మామ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "బూట్లనుకున్న. గివి చెంబులు బిడ్డా. నాలుగు దినాలు ఆగి రా. వట్టి కాళ్లతోని రా."

ఒంటరిగా ఇంటికొచ్చాను. అవ్వ హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడి నా వెనక్కి చూసింది.

"పిల్లేది?"

పొద్దుటి నుంచీ నా బుర్రలో ఉన్నది ఒక్కటే. అదే నోట్లోంచి ఊడిపడింది.

"ఊడలేదవ్వా."

అవ్వ పళ్లెం దించి, పిల్ల కోసం పోయినవా, బూట్ల కోసం పోయినవా అని అడిగింది. ఆ పళ్లెంలోని దీపం సాక్షిగా ప్రమాణం చేశాను: భార్యను తీసుకురావడానికి వెళ్లేటప్పుడు ఈ జన్మలో కాళ్లకు ఏదీ తొడగనని. ఎందుకైనా మంచిదని ఆ నాలుగు రోజులూ వాకిట్లోకి కూడా వట్టి కాళ్లతోనే వెళ్లాను.