పేరుకు పట్టేంత జాగా

మా కంప్యూటర్ గది అక్క పోయిందన్న కబురు సోమవారం పొద్దున తెలిసింది. జ్వరం ముదిరి పట్నం దవాఖానాలో కన్నుమూసిందని కోహీర్ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు చెప్పాడు. నాకు ముందు కోపం వచ్చింది. అంత మొండి మనిషి జ్వరానికి ఎలా లొంగింది? ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

జహీరాబాద్ దగ్గర మా చెరుకు ఫ్యాక్టరీలో ఆమె ప్రోగ్రాములు రాసేది, పక్క కుర్చీలో కూర్చుని నేను వాటిని పరీక్షించేవాణ్ణి. చాయ్ సాసర్‌లో పోసుకుని గుమ్మం బయటే తాగేది, లోపలికి తెస్తే ఎవరినైనా కసిరేది. తల్లిది బీదర్ వైపు. ప్రోగ్రాం మొరాయిస్తే కన్నడలో తిట్టేది, దారికొస్తే తెలుగులో మెచ్చుకునేది.

ఒక ఏడు, చెరుకు బరువు రాసిచ్చే కాటా చిట్టీలు కంప్యూటర్ మీద అచ్చువేయాలని తీర్మానించారు. ఆ ప్రోగ్రాం మాత్రం బయటివాళ్లు రాసిచ్చారు. చెరుకు ఆడే క్రషింగ్ సీజన్‌కు ముందు ఝరాసంగం రైతు ఒకాయన బండితో పరీక్ష పెట్టాం. ఆయన పేరు బసవరాజ్. ఆ ఊళ్లో బసవరాజులు చాలామంది కాబట్టి మా గుమాస్తా అలవాటు ప్రకారం తండ్రి పేరు, బావి పేరు కూడా కలిపి కొట్టాడు. చిట్టీలో బరువు తక్కువ పడింది.

"నా చెరుకు ఏడ వోయింది బిడ్డా?" అన్నాడాయన.

"యాడికీ పోలే కాకా. మిషిన్ తప్పు జేసింది. మల్ల కాటా పెడ్త," అంది అక్క.

సాయంత్రానికి తప్పు దొరికింది. పేరు, ఊరు కలిపి వరుసగా అమర్చే ప్రోగ్రాం ముక్కకు, అంటే ఫంక్షన్‌కు తన ముందు ఎంత జాగా ఉందో తెలియదు, ఇచ్చినదంతా రాసుకుంటూ పోతుంది. ఆ పేరు అక్షరాలు సరిగ్గా పట్టాయి కానీ, చివర పెట్టే ముగింపు గుర్తుకు గడి మిగల్లేదు. అది వెళ్లి పక్క గడిలో కూర్చుంది. ఆ పక్క గడిలో ఉన్నది బరువు; గుర్తు దాని మీద పడి అంకె తగ్గిపోయింది.

"పేర్లు పొట్టిగ కొట్టమని చెప్పమ్మా, గింత దానికి ఫికర్ ఎందుకు?" అన్నాడు మేనేజర్.

"రేపు ఇంకొకడు పొడుగు కొడ్తడు సార్. మనిషి యాది మీద ఇడిసిపెడితే ఎట్ల? ఎంత జాగ ఉన్నదో ఫంక్షన్‌కే చెప్పాలె."

ప్రోగ్రాంను మిషిన్ భాషలోకి మార్చే మా కంపైలర్‌లో అలాంటి ఫంక్షన్ లేదు. అక్క తానే రాసింది. జాగా ఎంతో ముందే చెప్పాలి, ముగింపు గుర్తు గడి కూడా అందులోనే లెక్క.

"మించింది కత్తిరిస్తే సరిపోదా అక్కా?" అని అడిగాను.

"కత్తిరిస్తే బసవరాజులందరు ఒక్కడే అయితరు. ఒకని చెరుకు ఇంకొకని పేర పడ్తది. పట్టకుంటే పట్టలేదని చెప్పి ఆగాలె."

ఇక పట్టు పట్టింది. ప్రోగ్రాం మొత్తం గాలించి పాత ఫంక్షన్ ఉన్న చోటల్లా తనది పెట్టింది. సీజన్ ఆలస్యమవుతుందని మేనేజర్ గొణిగితే, "బండ్లన్న ఆపుత గని తప్పుడు బరువు బయటికి పోనియ్య సార్" అంది. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చోవడమంటే నిప్పుల మీద కూర్చోవడమే. అయినా ఇప్పుడు నేను రాసే ప్రతి వరుసకూ ఎంత జాగా అని అడుగుతున్నానంటే అది ఆమె చలవే.

క్రషింగ్ మొదటి రోజు పొద్దున్నే మిషిన్ ఆగింది. ఎవరిదో చాంతాడంత పేరు, జాగా చాలలేదని తెర మీద పడింది. బయట ఎడ్లబండ్లవాళ్లు అరుపులు మొదలుపెట్టారు. ముంబై రోడ్డు దాకా వరుస. మేనేజర్ పరుగున వస్తున్నాడు. తన ఫంక్షన్ చెప్పినట్టే ఆగిందని అక్క ముఖంలో మాత్రం పండగ.

"జర ఆగున్రి! ఎవ్వరి చెరుకు వాళ్ల పేరనే పడాలె," అంటూ గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. చీర కొంగు నడుముకు బిగించి, చేయి పైకెత్తి. ముందర కనుచూపు మేర చెరుకు బండ్లు. ఒక్కటీ కదల్లేదు.