బావ నడుముకు వేసిన లెక్క

ఫిజియోథెరపీ చదువుతున్న మనవరాలు మొన్న తన ఫోనులో నడుము ఎముకల బొమ్మ ఒకటి చూపించింది. ఎముకల్లోకి స్క్రూలు, వాటిని కలుపుతూ రెండు కడ్డీలు బిగించి ఉన్నాయి. వేలితో తాకితే బొమ్మ తిరుగుతోంది, భారం ఎక్కువ పడిన చోట ఎర్రబడుతోంది. ఇలాంటిదే నేనూ ఒకప్పుడు చేశానంటే నవ్వింది. నమ్మకపోవడం దాని తప్పు కాదు.

ఎనభైల నడుమ, మద్రాసులో నేను ఇంజనీరింగు పరిశోధన చేసే రోజుల్లో, మాకు బొమ్మలూ లేవు, రంగులూ లేవు. కార్డులకు చిల్లులు కొట్టించి, కట్టగట్టి కంప్యూటరు గది కిటికీలో ఇచ్చి రావడం, మర్నాడు వెళ్ళి దుప్పటంత కాగితం నిండా అంకెలు తెచ్చుకోవడం, ఒక్క కార్డు తారుమారైతే మళ్ళీ మొదటికి రావడం, ఇదీ మా వైభవం. జారిన నడుము ఎముకను పట్టి ఉంచే కడ్డీలు ఎంత బరువుకు తట్టుకుంటాయో లెక్కగట్టడం నా పని.

సరిగ్గా అప్పుడే మా పెద్దక్క భర్తకు నడుములో ఎముక జారింది. మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్ళు లారీకెత్తే పని బావది. గుంటూరు డాక్టరుగారు కడ్డీలు వేయాలన్నారు. ఇలాంటప్పుడు ఎవరైనా ముహూర్తం చూసుకుంటారు, మావాళ్ళు మాత్రం కంప్యూటరు ఏం చెబుతుందోనని ఆగారు. అది బావ నడుము కాదు, పుస్తకాల్లోని కొలతలతో కట్టిన, ఎవరిదీ కాని నడుమని ఎంత చెప్పినా అక్క చెవికెక్కలేదు. బావకు కావలసింది ఒక్కటే, మళ్ళీ రాయి మోయగలడా లేదా అన్నది.

పుస్తకాల్లో మనిషి నిలబడి చేతులతో పెట్టె ఎత్తుతాడు. మా వైపు రాయిని అలా ఎవరు ఎత్తుతారు? ఒకడు వంగి నిలబడితే ఇద్దరు పలకను తెచ్చి అతని నడుము మీద పెడతారు, అతను వంగినవాడు వంగినట్టే లారీ దాకా నడుస్తాడు. బరువును అక్కడే పెట్టి నేను కార్డులు కొట్టిస్తే, ప్రొఫెసరుగారు పొరబాటనుకుని ఎర్రసిరాతో చుట్టేశారు. నోటితో చెబితే లాభం లేదని ఆయన గదిలోనే వంగి, బల్ల మీది లావుపాటి పుస్తకాలన్నీ నా నడుము మీద పెట్టమన్నాను. పెద్దమనిషి, ఒక్కొక్కటే పేర్చి, నన్ను ఆ గోడ నుంచి ఈ గోడకు నడిపించి, ఎర్రచుట్టు పక్కనే సంతకం పెట్టారు.

అంకెలు వచ్చాయి. నిలబడడానికీ నడవడానికీ ఢోకా లేదు. పలక పెట్టేసరికి మాత్రం స్క్రూ మొదట్లో ఉక్కు ఓర్చుకోలేనంత ఒత్తిడి. ఊరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిలబడేదానికేనా? నేనేమన్నా ధ్వజస్తంభాన్నా ఏందిరా?" అన్నాడు బావ.

"నొప్పి పోతే అదే చాల్లే. మోసింది చానా అయింది," అంది అక్క.

ఆపరేషను జరిగింది, నొప్పి పోయింది. క్వారీలోనే నీడన కూర్చుని కూలీలకు పని పురమాయించే ఉద్యోగం దొరికింది. అందరూ అదృష్టమన్నారు, బావ అనలేదు. నేను వెళ్ళినప్పుడల్లా పక్కకు పిలిచి, "ఒరేయ్, ఆ లెక్క ఇంకోసారి ఏసి చూడకూడదా" అనేవాడు. చనిపోయిన ఏడు కూడా అడిగాడు. నవ్వేవాణ్ణి గానీ, నాకు కష్టంగానే ఉండేది.

ఇప్పుడు ఎవరి ఎముకలు వాళ్ళవే స్కానులోంచి తీసుకుని, టీ చల్లారేలోపు లెక్క తేలుస్తున్నారట. క్వారీలో పలకల్ని క్రేన్లు ఎత్తుతున్నాయి, నడుము వంచేవాళ్ళు కనబడరు. మంచిదే. జవాబు మారేది కాదని నాకు తెలుసు. అయినా బావ ఉండి అడిగితే, ఈసారి ఆయన సొంత నడుముతోనే వేసి చూపించేవాణ్ణి.