రేకుల మీది పాలపన్ను

వనపర్తి పాత బస్టాండు వెనక గల్లీలో సంచి పట్టుకొని నడిచే మనిషి ఎవరైనా సరే, బాలనాగమ్మ అరుగు దాటాలంటే సంచిలో ఏముందో చెప్పి దాటాల్సిందే. కూరగాయలంటే ఏం కూరగాయలు, బట్టలంటే ఎవరికి, మందులంటే ఏ దవాఖానవి, అసలు ఏం రోగం. ఎదుటి మనిషికి కోపం రాకుండా అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. పెబ్బేరు పశువుల సంతకు మొగుని వెంట ఒకసారి పోయి, ఎద్దును కొనకుండా, ఎద్దును అమ్మే ఆయన బిడ్డ పెండ్లి ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకొని వచ్చింది. ఆ పెండ్లి ఆమెనే కుదిర్చింది కూడా.

పుట్టిల్లు పెద్దమందడి. మూడో తరగతి పూర్తికాగానే తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మాన్పించారు. బస్సు బోర్డులు చదువుతుంది, గోడ మీది పోస్టర్లు చదువుతుంది, ఇతరుల పెండ్లి పత్రికలు మాత్రం వెనకా ముందూ తిప్పి రెండుసార్లు చదువుతుంది. మొగుడు తిరుపతయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోసి మోసి నడుము పట్టి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటాడు. మాట తక్కువ మనిషి. ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడుతుంది గనుక ఆ ఇంట్లో దేనికీ లోటు లేదు.

రెండువేల తొమ్మిది దసరా ముందట ఆ గల్లీలో అందరి నోటా ఒకటే ముచ్చట, వర్షి పన్ను ఊగుతుందని.

వర్షి అంటే ఎదురింటి భాస్కర్ బిడ్డ వర్షిణి. రెండో తరగతి. భాస్కర్‌ది నెట్ సెంటర్, దాని వెనక గదిలోనే ఊరికి కేబుల్ కనెక్షన్లు. పిల్ల పాకుతున్నప్పుడు సరదాగా తీసిన వీడియో ఒకటి ఏదో సాయంత్రం పాటల నడుమ కేబుల్‌లో వేశాడు. మర్నాడు నలుగురు అడిగారు, మళ్ళీ వేయమని. బట్టల షాపాయన, ఆ పిల్లకు మా షాపు గౌను తొడిగి చూపిస్తావా అన్నాడు. అట్లా మొదలై, రోజూ ఏడు గంటలకు 'మా వర్షి' వచ్చే దాకా పోయింది. వర్షి అన్నం తినడం, వర్షి బడికి పోవడం, వర్షికి సూది వేస్తే ఏడవడం. అదే వీడియోను ఇంటర్నెట్‌లో కూడా పెడుతుండేసరికి, దుబాయికి పనికి పోయినవాళ్ళు, బొంబాయిలో ఉన్నవాళ్ళు చూసి, మా ఊరి పిల్ల అని రాస్తుండిరి. నెట్ సెంటర్ కిరాయి, ఇంటి కిరాయి వెళ్ళేది ఇప్పుడు ఆ పిల్ల మీదనే. భాస్కర్ దాన్ని తప్పు అనుకోలేదు. బిడ్డను లోకమంతా ముద్దు చేస్తుంటే ఏ తండ్రికి సంతోషం ఉండదు?

బాలనాగమ్మ ఆ కార్యక్రమాన్ని ఒక్కరోజు తప్పించలేదు. అంతమంది కండ్లు పిల్ల మీద పడుతున్నాయని ఆమెకు ఒకటే పరేషాన్. పిల్ల ఎదురింట్లోనే ఉన్నా, దిష్టి తగిలేది టీవీలో ఉన్న పిల్లకు కదా అని, కార్యక్రమం అయిపోగానే ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టి టీవీ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటుకు తిరుపతయ్య దగ్గుకుంటూ బయటికి పోయేవాడు. గల్లీలో మరో రెండిండ్లలో కూడా టీవీలకు దిష్టి తీయడం మొదలైంది.

ఆమెకు ఇంకో కోరిక కూడా ఉంది, దాన్ని దాచుకోలేదు. తనూ ఒకసారి అందులో కనపడాలని. భాస్కర్ మాట ఇచ్చాడు. పిల్ల మొదటి పన్ను ఊడే రోజు స్పెషల్ తీస్తా, నీ అరుగు మీదనే తీస్తా, పన్ను నువ్వే పీకాలె పెద్దమ్మా అన్నాడు. కొత్తగా దుకాణం పెట్టిన పండ్ల డాక్టరు దానికి పైసలిస్తానన్నాడట. ఆదివారం ముహూర్తం. బాలనాగమ్మ పెట్టె అడుగున ఉన్న గద్వాల చీర తీసి, మడతల వాసన పోవాలని దండెం మీద ఆరేసింది.

పిల్ల మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, తల్లి యమున కుట్టుమిషను మీద ఉంటే, తిన్నగా బాలనాగమ్మ దగ్గరికి వచ్చేది. అవి యాసంగి విత్తనానికి పల్లికాయలు ఒలిచే రోజులు. కాయలు ఒలిచే మిషనుకు వేస్తే గింజ పొర చిట్లుతుంది, మొలక రాదు. అందుకే రైతులు బస్తాలు తెచ్చి ఆడవాళ్ళకు ఇస్తారు. ముందు కాయల మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక వేళ్ళతో ఒలవాలి. వర్షి చిన్న వేళ్ళతో ఒక్కొక్కటే ఒలిచేది.

పిల్లను చూస్తూ చూస్తూ బాలనాగమ్మకు రెండు విచిత్రాలు కనిపించాయి. ఒకటి, లోపలికి రాగానే తలుపు వెనక, అటక మీద, బియ్యం డబ్బా పక్కన కండ్లతో వెతికేది. రెండోది, బెల్లంముక్క ఇస్తే కొరికి, ఆగి, ముఖానికి నవ్వు తెచ్చుకొని, మళ్ళీ మొదటిసారి కొరికినట్టు కొరికేది. నీళ్ళు తాగినా అంతే, తుమ్మినా అంతే. తుమ్మిన తరువాత ఉత్తుత్తి తుమ్ము ఇంకొకటి. ఇట్లాంటిది చూసి ఊరుకునే మనిషి కాదు బాలనాగమ్మ. వారం రోజులు ఆగిందంటేనే గొప్ప. ఆఖరికి అడిగింది, ఏం దేవులాడుతున్నవే అని.

“కెమెరా ఏడ పెట్టినవ్ అవ్వా?”

“మా ఇంట్ల కెమెరా ఏడిదే? మీ తాత ఫోటోనే పెండ్లిల తీసింది ఒక్కటి.”

పిల్ల నమ్మలేదు. లేచి పోయి బియ్యం డబ్బా మూత తీసి చూసింది. వచ్చి కాళ్ళు బార్లా చాపి కూచొని, నోరంతా తెరిచి ఆవలించింది. ఒక్కసారే ఆవలించింది. అప్పటి నుంచి బాలనాగమ్మ ఇంట్లో ఆ పిల్ల ఏది చేసినా ఒక్కసారే చేసేది. ఈ సంగతి గల్లీకి చెబుదామని ఆమె రెండుసార్లు లేచి, ఎందుకో మళ్ళీ కూచుంది.

గురువారం నాడు మధ్యాహ్నం, మెత్తబడని కాయ ఒకటి వేళ్ళకు లొంగక పిల్ల పంటితో కొరికింది. కొరికి, కదలకుండా ఉండిపోయింది. చేతిలోకి ఉమ్మింది. పల్లిగింజ, పొట్టు, నెత్తురు చుక్క, పన్ను. ఏడవలేదు. గుప్పిలి మూసింది.

ఆదివారం స్పెషల్, పండ్ల డాక్టరు, దండెం మీద గద్వాల చీర అన్నీ ఒక్కసారి బాలనాగమ్మ కండ్ల ముందు తిరిగాయి. భాస్కర్‌ను పిలుద్దామని నోరు తెరిచింది.

“డాడీకి చెప్పకవ్వా,” అంది పిల్ల. “మళ్లా పెట్టి మళ్లా పీకుమంటడు. ఇది నాది.”

మాట మెల్లగానే అన్నది గాని, కండ్లు మళ్ళీ బియ్యం డబ్బా దిక్కు పోయాయి. ఇప్పుడు తను పిలిస్తే ఈ పిల్ల ఈ ఇంట్లో కూడా ఇక అన్నీ రెండుసార్లు చేస్తుంది. అది బాలనాగమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెరిచిన నోరు మూసుకుంది.

ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలి, విసిరే దాకా పిట్ట కంట కూడా పడొద్దు, పడితే కొత్త పన్ను రాదు. బాలనాగమ్మ తల్లి చెప్పింది, తన పిల్లలకు తను చెప్పింది, ఇప్పుడు వర్షికి చెప్పింది. దొడ్లోంచి ఇంత పేడ తెచ్చింది. తెచ్చినాక ఆమెకు అసలు బాధ మొదలైంది. ఊరంతా ఎదురుచూసే పన్ను పిల్ల గుప్పిట్లో ఉంది, తను ఇంకా సరిగ్గా చూడనే లేదు.

“జర చూపియ్యే. ఒక్కసారి.”

“ఎవ్వరు చూడొద్దని నువ్వే అన్నవ్ గద.”

బాలనాగమ్మ జీవితంలో మొట్టమొదటిసారి ఒక వింత మూరెడు దూరంలో జరుగుతుంటే గోడ వైపు తిరిగి నిలబడింది. కండ్లు మూసుకుంది కూడా, తన కండ్ల మీద తనకు నమ్మకం లేక. వంటింటి రేకుల మీద టప్పుమని చప్పుడైంది.

చేతులు కడిగిందో లేదో, రిబ్బన్లు పట్టుకొని యమున, ఆమె వెనక భాస్కర్ వచ్చారు. ఆదివారానికి వెలుతురు ఎట్లా పడుతుందో చూడాలని కెమెరా కూడా తెచ్చాడు. పిల్ల మూతి బిగించుకుంది. ఎంతసేపు బిగిస్తుంది? యమున గదవ పట్టి నోరు తెరిపించి చూసింది. నొచ్చిందా అని మాత్రం అడిగింది. భాస్కర్ ముఖం వాడిపోయింది. డాక్టరుకు ఏం చెప్పాలె, ఆదివారం ఏం చూపియ్యాలె అని తనలో తనే అనుకుంటూ, పన్నేదని అడిగాడు. రేకుల మీద ఉందని బాలనాగమ్మ చెప్పింది. ఆయన పైకి చూశాడు. ఆ పాత రేకులు మనిషి బరువు మోయవు.

అప్పుడు చాటలో ఒలిచిన పల్లీలు ఆయనకు కనిపించాయి. ఒకటి తీసి, పొర ఒలిచి, బద్ద విడదీసి, తెల్లటి ముక్కను గోటితో గిల్లి సరిచేశాడు. దూరం నుంచి తీస్తే ఎవరూ గుర్తుపట్టరు, ఇది పెట్టుకొని ఒక్కసారి, అని పిల్లను బుజ్జగించాడు. మోసం చేస్తున్నాననుకోలేదు, పాపం. ఎన్నో నాళ్ళుగా ప్రతిదీ మరోసారి చేయించి చేయించి, ఆయనకు మొదటిసారికీ రెండోసారికీ తేడా కనపడడం మానేసింది.

వర్షి నోరు తెరిచింది. అలవాటుకొద్దీ నవ్వు కూడా తెచ్చుకుంది.

బాలనాగమ్మ ముందుకు వచ్చి, భాస్కర్ వేళ్ళ నడుమ నుంచి ఆ పల్లి ముక్కను తీసుకొని తన నోట్లో వేసుకొని నమిలింది. మింగింది కూడా.

“కొడుకా,” అంది, “నువ్వు ఎప్పుడన్న రా, తిను, పండు. ఆ కెమెరాను మాత్రం మీ ఇంట్లనే పెట్టి రా. ఈ పిల్లకు ఈ ఊర్ల ఎవ్వరు చూడని జాగ ఇదొక్కటే ఉన్నది.”

“అందరి ఇండ్ల ముచ్చట్లు నీకే కావాలె గదా పెద్దమ్మా,” అన్నాడు భాస్కర్, కొంచెం ఉక్రోషంగానే. “నువ్వా చెప్పేది?”

“నేనే. నాకంటే ఎవరికి తెలుస్తది, చూసేటోళ్ళకు కడుపు నిండదని?”

ఆయన యమున దిక్కు చూశాడు. యమున పిల్ల జడకు రిబ్బను కట్టుకుంటూ, ఇక ఇంటికి పోదాం పా అంది. ఆ మాట పిల్లతో అన్నదో, మొగునితో అన్నదో గాని, ఇద్దరూ కదిలారు.

'మా వర్షి' ఆగిపోలేదు. కిరాయిలు ఆగవు కదా. ఆదివారం ఏడు గంటలకు పండ్ల డాక్టరు బోర్డు, దాని మీద ఏదో పాట వచ్చాయి, పన్ను రాలేదు. సోమవారం నుంచి వర్షి బోసి నవ్వుతోనే కనిపించింది. మరి ఆ పన్ను ఎప్పుడు ఊడింది, ఎక్కడ ఊడింది, ఎవరు పీకారు? గల్లీ ఆడవాళ్ళంతా చాటలు పట్టుకొని బాలనాగమ్మ అరుగు మీద చేరారు. ఆమెకు తెలియకుండా ఈ గల్లీలో పన్ను ఊడుతుందా? బాలనాగమ్మ కాయ ఒలిచి గింజ చాటలో వేసి, “నాకు తెల్వదు” అంది. పక్కింటి మాలతి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమో అని.

గద్వాల చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది. మధ్యాహ్నాలు పిల్ల వస్తుంది, వచ్చి తిన్నగా చాట ముందు కూచుంటుంది, బియ్యం డబ్బా దిక్కు చూడదు. భాస్కర్ కూడా అప్పుడప్పుడు వస్తాడు, ఉత్త చేతులతో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తనూ నాలుగు కాయలు ఒలుస్తాడు, సగం గింజలు చిట్లగొడతాడు.

ఒక్కటే చిక్కు మిగిలింది. వంటింటి వెనక గోడకు వెదురు నిచ్చెన ఉంది. రేకులు మనిషి బరువు మోయవు గాని, నిచ్చెన మీద నుంచి మెడ చాపితే పైన ఏముందో కనపడుతుంది. బాలనాగమ్మ నాలుగు రోజులు దాని పక్క నుంచి అటూ ఇటూ నడిచింది. అయిదో నాడు తిరుపతయ్యను లేపి, ఆ నిచ్చెనను మాలతి వాళ్ళింట్లో పెట్టి రమ్మంది. ఎందుకని ఆయన ఎన్నడూ అడిగేవాడు కాదు, ఆరోజు అడిగాడు.

“ఇంట్ల ఉంటే ఎక్కుత,” అంది బాలనాగమ్మ.