వైకుంఠం ఇల్లు మార్చబోయిన రోజు

లాల్‌దర్వాజాలో కాపురం, పత్తర్‌గట్టిలో ఇత్తడి గిన్నెల దుకాణం. ఈ రెండింటికంటే వైకుంఠానికి ఎక్కువ గర్వం తన మాటతీరు మీద. ఎదుటివాడి మనసు తనకు ఇట్టే తెలిసిపోతుందని చెప్పుకునేవాడు. గిన్నె కొనడానికి వచ్చినవాడికి కాపురం ఎలా చెయ్యాలో కూడా చెప్పి పంపేవాడు.

"మా ఇంట్ల పెండ్లయిన కాడికెల్లి లొల్లి లేదు భాయ్. నేను చెప్త, ఆమె ఇంటది," అనేవాడు.

ఆమె పేరు నాగమణమ్మ. రెండేళ్ల కిందట విషజ్వరం వచ్చి తగ్గాక ఆమెకు చెవులు పోయాయి. ఆ సంగతి గల్లీ అంతటికీ తెలుసు. ఆడవాళ్లు ఎదురుగా వచ్చి, పెదవులు కనబడేలా నెమ్మదిగా మాట్లాడేవారు. తెలియనిది ఒక్క వైకుంఠానికే. అతడు విస్తరివైపు చూస్తూ మాట్లాడేవాడు. జవాబు కావలసిన ప్రశ్న అడిగే అలవాటు అతడికి లేదు. ఆమె తలవంచుకుని వడ్డిస్తుంటే ఎంత శ్రద్ధగా వింటున్నదో అని మురిసిపోయేవాడు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన ఏడు దుకాణం మీది గది ఖాళీ అయింది. అక్కడ కాపురం పెడితే మధ్యాహ్నం తిని ఓ కునుకు తీయవచ్చని వైకుంఠానికి తోచింది. ఆ పైగదిలో భార్య ఎవరితో మాట్లాడుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. పప్పన్నం కలుపుకుంటూ ఆమెకు చెప్పాడు. ఆమె మజ్జిగ పోసింది. ఒప్పుకున్నదనుకున్నాడు.

బండి వచ్చిన పొద్దున నాగమణమ్మ బియ్యం చెరుగుతున్నది. ఇద్దరు హమాలీలు లోపలికి వచ్చి బిందెలు మోసుకుపోసాగారు. దుకాణం దివాలా తీసిందని, సామాను జప్తు చేస్తున్నారని ఆమె అనుకున్నది. బట్టల పెట్టె మీద కూర్చుని ఏడ్చింది. పాలు పోయడానికి వచ్చిన కొమురమ్మ పక్కన చేరి ఆమె చెయ్యి పట్టుకున్నది.

అంతలో వైకుంఠం వచ్చాడు. భార్య ఏడుపు చూసి అతడికి జాలి కలగలేదు, నలుగురూ చూస్తున్నారని సిగ్గు కలిగింది.

"ఇల్లు మారుతున్నమని నీకు మొన్ననే చెప్పిన గద. గిప్పుడు ఏంది గీ లొల్లి?"

"ఎవరికి చెప్పిన్రు సేటూ?" అన్నది కొమురమ్మ. "అక్కకు రెండేండ్ల సంది చెవులు ఇనవడ్తలేవు."

వైకుంఠం భార్యవైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలే?"

నాగమణమ్మ అతడి పెదవులు చూసి గ్రహించింది. తన గొంతు తనకు వినబడదు కనుక ఆమె జవాబు గల్లీ చివరిదాకా వినబడింది.

"చెప్దామని శానసార్లు వచ్చిన. మీరు మాట్లాడుడు ఆపితె గద."

బండి ఎందుకు వచ్చిందో కొమురమ్మ సైగలతో చెప్పింది. నాగమణమ్మ కళ్లు తుడుచుకున్నది.

"నేను రాను. ఈడ నాతోని మాట్లాడేటోళ్లున్నరు."

హమాలీలు ఎవరూ చెప్పకుండానే బిందెలు దించారు.

ఇంకొకడైతే ఆ రోజు కాస్త తల దించుకునేవాడు. వైకుంఠం సాయంత్రానికల్లా తేరుకున్నాడు. చెవులు లేని భార్య మీద జాలితో తానే ఇల్లు మారడం మానుకున్నానని బజారులో చెప్పాడు. విన్నవాళ్లు మెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి ఆ మాటను తానే నమ్మాడు.

ఆ తర్వాత అతడు భార్య చెవి దగ్గర నోరు పెట్టి అరవడం నేర్చాడు. మాటలు మాత్రం పాతవే. నాగమణమ్మ వంటిల్లు సర్దుకుని, కొమురమ్మ బర్రెల కొట్టానికి వెళ్లి కూర్చునేది. అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవారు.