ఆయన పేరుతో పంపిన నా బీపీ

మా ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను మా వీధి అంగన్‌వాడీలో టీచరుని. నలభై ఆరేళ్ల వయసులో ఆయన పన్ను పీకించుకోడానికి పోతే, పళ్ల డాక్టరు బీపీ చూసి చెయ్యి వేయనన్నాడు. పై అంకె నూట ఎనభై దాటింది. అనంతపురంలో పెద్ద డాక్టరు మాత్రలు రాసి, మూడు నెలలకు రమ్మన్నాడు. ఈలోపు చూసుకోడానికి మేము మందులు కొనే షాపులోని ఫార్మసిస్టును ఒప్పించాడు. పొద్దున, సాయంత్రం ఇంట్లోనే మిషన్‌తో బీపీ చూసి ఆ అంకెలు ఆమె ఫోన్‌కు పంపాలి. తేడా ఉంటే ఆమె డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పిస్తుంది.

ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఆదివారం ఆదివారం తప్పకుండా ఫోన్ చేసేది. "అన్నా, ఊరిబిండి పచ్చడిలో ఉప్పు తగ్గించినావా లేదా? అక్కకు ఫోనియ్యి, ఆమెనడుగుతా" అనేది. సొంత మనిషిలా కోప్పడేది.

మూడో వారం ఆయన ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. సూపర్‌వైజరు చూసి, బీపీ ఉన్నవాడు మిషన్ దగ్గర వద్దన్నాడట. ఆ సాయంత్రం మాత్రల డబ్బా పక్కకు తోసేశాడు.

"మింగితే కండ్లు తిరగతాండాయి. మిషన్ మీద పడితే చెయ్యి పోతాది."

"ఆ మందులషాపు పాపకు చెప్పరాదా?"

"చెప్తే ఇంకోటిస్తాది. అదీ ఇంతే. నువ్వు గమ్మునుండు."

మాత్రలు మానేశాక అంకెలు పెరిగాయి. ఆమె నాలుగు రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేసింది. ఐదో రోజు పొద్దున ఆయన బీపీ మిషన్ పట్టీ తీసుకొచ్చి నా చేతికి చుట్టాడు.

"ఇది పంపు. ఆ పాపా నెమ్మదిస్తాది, నేనూ నెమ్మదిస్తా."

నూట పద్దెనిమిది, డెబ్భై ఆరు. ఆ ఒక్క రోజుకే అనుకుని పంపాను. రెండో రోజు ఆయన అడగనేలేదు. నేనే కట్టుకున్నాను. నాలుగు నెలలు అలాగే కట్టుకున్నాను. మధ్యలో ఒకసారి ఆమె, "మాత్రలు సరిగ్గా వేసుకుంటాండాడా అక్కా?" అని నన్నే అడిగింది. వేసుకుంటాండాడన్నాను. అంకెలు బాగున్నాయని డాక్టరు మూడు నెలలకు రమ్మన్నది కూడా వాయిదా వేశాడు. కొన్న మాత్రలన్నీ బియ్యం డబ్బా వెనక పోగుపడ్డాయి.

వైశాఖంలో ఒక పొద్దున ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక నా వైపు చూశాడు. కుడిచెయ్యి జారిపోయింది. మూతి ఒక పక్కకు వంకర పోయింది. ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు, మాత్రలు వాడుతున్నాడా అని అడిగాడు. వాడుతున్నాడన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

సాయంత్రానికి ఆ అమ్మాయి బస్సెక్కి వచ్చింది. మేం పంపిన అంకెలన్నీ కాగితాల మీద రాసుకుని తెచ్చింది. వరండాలో నా పక్కన కూర్చుని వాటి మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

"యాడ తప్పు చేసినానో తెలీడంలేదక్కా. ఒగటన్నా ఎక్కువుంటే పట్టుకునేదాన్ని."

"నీ తప్పేం లేదు పాపా" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మా మిషనే చెడిపోయి ఉంటుందని, పరీక్షిస్తానని నా సంచిలో ఉన్నదాన్ని తీసుకుపోయింది. ఫోన్ మీద చూసుకునే పేషెంట్లు ఇక వద్దని షాపు యజమాని ఆమెను కసిరాడని తర్వాత తెలిసింది.

ఆయన్ను ఇంటికి తెచ్చిన రెండో రోజు మిషన్ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. చిక్కిపోయింది. "మిషన్ బాగానే ఉండాదక్కా. నాకే చాతకాలేదు" అంది.

అప్పుడు చెప్పాను. బియ్యం డబ్బా వెనకున్న మాత్రలు తెచ్చి ఆమె ముందు పోశాను. మంచం మీద ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఏడుస్తుందనో తిడుతుందనో అనుకున్నాను. అట్టలను ఒకటొకటే తిప్పి చూసింది.

"కండ్లు తిరగతాండాయని ఒక్క మాట చెప్పింటే డోసు తగ్గించి, మెల్లగా పెంచేవాళ్లం కదక్కా. ఎంతమందికి అట్ల చేసినాం."

ఆమె లేచి మంచం దగ్గరకు పోయి, ఆయన ఎడమచేతికి పట్టీ కట్టింది. అంకె చూసింది. బయటికి పోయి డాక్టరుకు ఫోన్ చేసి, ముందు నుంచీ జరిగిందంతా చెప్పింది. నా పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు.

యజమాని ఒప్పుకున్నాడో, ఆమే పట్టుబట్టిందో, మమ్మల్ని మాత్రం వదల్లేదు. ఇప్పటికీ రోజూ రెండుసార్లు పంపుతాను. మిషన్‌తో పాటు ఆయన ముఖం, పట్టీ కట్టిన చెయ్యి కూడా ఫోటోలో కనపడాలంది. ఆదివారం ఫోన్లు ఆగిపోయాయి. ఏదైనా ఉంటే రెండు ముక్కల్లో రాస్తుంది.

ఆయన గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాట తిరిగి రాలేదు. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఫోన్ వైపు చూడడు, ముఖం తిప్పుకుంటాడు. గడ్డం పట్టి ఇటు తిప్పి తీస్తాను.