మైసూరువి కాని బట్టలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుము వాల్చబోతుంటే బెంగళూరు నుంచి ఒకావిడ నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఆవిడ పాత బొమ్మలు సేకరిస్తుంది. అలాంటివాళ్లు నాకు ఓ పదిమంది ఉన్నారు. ఎవరి అటకల మీద నుంచో దిగివచ్చిన పాతకాలపు బొమ్మలను, పింగాణీ తల పగిలి అతికించినవి, పడుకోబెడితే కళ్లు మూసుకునేవి, ఒక చేయి ఊడిపోయినవి, వెతికి వెతికి కొని కొరియరులో ధర్మవరానికి పంపుతారు. నేను వాటికి పావడాలు, రవికెలు, చీరలు, ఆఖరికి లోపలి గుడ్డలతో సహా కుట్టి, ఒక్కో బొమ్మకు చిన్న పెట్టెడు బట్టలు సర్ది తిప్పి పంపుతాను. బడిలో కుట్టు టీచరుగా రిటైరైన తరువాత ఇదే నా కాలక్షేపం, ఇదే నా గర్వం కూడా.

ఆ ఫోటోలో ఒక అద్దాల బీరువా, అందులో ఎర్రచందనపు చెక్కతో చేసిన రాజూ రాణీ ఉన్నారు. బెంగళూరులో పాత బొమ్మల ప్రదర్శన పెట్టారట, అక్కడ తీసిన ఫోటో. బొమ్మల కాళ్ల దగ్గర ఒక అట్టముక్క ఉంది. వేళ్లతో పెద్దది చేసి చదివాను. దుస్తులు మైసూరు పనితనం అని రాసి ఉంది. కింద ఆవిడ నాకు రాసిన మాట ఇది: "అమ్మా, పాతకాలం మైసూరు పని అంట. మా బొమ్మలకు ఇట్లాంటిది కుట్టడానికి మీకు ఔతుందా?"

నాకు ఔతుందా అని అడిగింది. ఆ రాణి పావడా అంచులో ఎడమ పక్కన ఒకచోట జరీ పోగు తెగితే మా నాయన అతికిన చోటు ఫోటోలో సైతం సన్నటి గీతలా కనబడుతోంది. ఆ బట్టలు నేను పదకొండేళ్ల వయసులో కుట్టినవి. యాభై ఐదేళ్ల కిందట ఎవరు ఏ గదిలో నిలబడి వాటిని మైసూరువని అన్నారో నాకు గుర్తుంది, ఆవేళ ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా గుర్తుంది.

నేను మరిచిపోయే మనిషిని కాను. దీన్ని మంచి గుణమని ఎవరూ అనలేదు, నేనూ అనను. నేను పనిచేసిన బడిలో ఒక హెడ్మాస్టరు కుట్టు క్లాసును టైంపాసు పీరియడు అన్నందుకు ఆయన రిటైరైనప్పుడు సన్మానానికి పోలేదు. నా వంతు చందా మాత్రం ఇచ్చాను, అది వేరే సంగతి. పక్కింటామె పట్టు కోయడానికి నేను పెట్టుకున్న కత్తెర అడిగి తీసుకుపోయి దానితో కాగితాలు కత్తిరించి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఆమెకు సూది కూడా ఇవ్వను. కానీ ఇవన్నీ చిన్నవి. అన్నిటికంటే మొదటిది, అన్నిటికంటే లోతుకు దిగింది మా మేనత్త అన్న ఆ ఒక్క మాట.

మా మేనత్తను ధర్మవరంలోనే పట్టు షావుకారుల ఇంటికి ఇచ్చారు. వాళ్లది రెండంతస్తుల మిద్దె. మాది రెండు వీధుల అవతల ఒంటిగది ఇల్లు, ఆ గదిలో సగం మా నాయన గుంటమగ్గానిదే. నాయన ఆ ఇంటికే నేసేవాడు. పట్టు, జరీ వాళ్లు తూకం వేసి ఇవ్వడం, నేసిన చీరలు, కండెల్లో మిగిలిన జరీతో సహా మళ్లీ తూకం వేసి తీసుకోవడం, ఇదంతా మన వయసు మగ్గాల ఇళ్లవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. తోబుట్టువు ఇల్లే అయినా తూకం తూకమే. ఆ తక్కెడ దగ్గర మా అత్తకు మామగారు కూర్చునేవాడు, ఆయనను ఊరంతా పెద్దాయన అనేవాళ్లు.

అత్తకు తన అత్తగారి నుంచి ఆ రాజారాణి బొమ్మలు వచ్చాయి. దసరాకు బొమ్మల కొలువు పెట్టినప్పుడు పై మెట్టు మీద మొదట వాళ్లే కూర్చోవాలి, ఏటికేడు కొత్త బట్టలు కట్టాలి. ఆ ఇంట్లో ఏదో పాత చీర ముక్క చుట్టి దారం కట్టేసేవాళ్లు. నాకు వేళ్లు సన్నమని, సూది పట్టడం వచ్చునని, ఒక ఏడు ఆ పని అత్త నాకు అప్పగించింది.

ఆ బొమ్మలను చేతిలోకి తీసుకున్నవాళ్లకే తెలుస్తుంది వాటితో ఉన్న చిక్కు. చేతులు విడిగా ఉండవు, ఒంటికి అంటుకుని ఒకే చెక్కలో చెక్కి ఉంటాయి. రవికె తొడగాలంటే చేయి దూరదు. అందుకని నేను వీపు వైపు మొత్తం తెరిచి, మగ్గం మీద మిగిలిన పట్టు పోగులను జడలా అల్లి మూడు చోట్ల ముడులు వేశాను. పట్టు కత్తిరిస్తే అంచులు పీచులు పీచులుగా లేస్తాయి కదా, కత్తెర పెట్టే ముందు గీత వెంబడి పలుచని గంజి రాసి ఆరనిచ్చేదాన్ని. ఇవేవీ నాకు ఒకరు నేర్పినవి కావు. నేడు బెంగళూరువాళ్లకు కుట్టే బట్టలకూ అదే గంజి, అవే ముడులు.

అన్నీ కుదిరాయి కానీ అంచు కుదరలేదు. పాత చీర నుంచి కత్తిరించి కుడితే జానెడు రాణికి నడుము దాకా అంచే వస్తుంది. మనిషి చీరకు వేసిన అంచు బొమ్మకు గోడలాగా ఉంటుంది. నాకు వేలు మందం అంచు కావాలి, దానికి తగిన బుటాలు కావాలి. నాలుగు రోజులు అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాను. చివరకు నాయన దిగివచ్చాడు. పడుగులో ఆఖరి చీర కోసేశాక ఇంకో జానో మూరో మిగులుతుంది. మామూలుగా దాన్ని వదిలేస్తారు. ఆ మిగులు మీద, కండెలో మిగిలిన జరీతో, నాయన నా బొమ్మలకు సన్నంచు గుడ్డ నేశాడు. "నీ బొమ్మలకు మొగలాయి దర్జాలు కావాల్లే" అని సణుగుతూనే నేశాడు. వీధి తలుపు ఓరగా వేసుకుని నేశాడు. గాలికి ఎర్రమన్ను లోపలికి కొడుతోంది కాబట్టి వేసుకున్నాడనుకున్నాను.

ఆ ఏడు వాన లేదు. బెళుగుప్ప వైపు వేరుశెనగ మొలిచిన చోటే మాడిపోయిందని చెప్పుకునేవాళ్లు. మా సీమలో వానకూ పట్టుకూ ఉన్న చుట్టరికం బయటివాళ్లకు తెలియదు. పైరు పోతే పెళ్లిళ్లు ఆగుతాయి, పెళ్లిళ్లు ఆగితే చీరలు అడిగేవాళ్లుండరు, షావుకార్లు నలుగురికి ఇచ్చే పడుగు ఇద్దరికే ఇస్తారు. ఆ ఇద్దరిలో నాయన ఒకడు. అదంతా నాకప్పుడు పట్టలేదు. చిలకాకుపచ్చ పావడా, వంకాయ రంగు రవికె, రాజుకు కుచ్చు తలపాగా, ఇవే నా లోకం.

దసరా మొదటి రోజు సాయంత్రం అత్త ఇల్లు పేరంటాళ్లతో నిండిపోయింది. నేను వంటింట్లోంచి అలసంద గుగ్గిళ్ల పళ్లెం తీసుకుని కొలువు గది గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దాయన రాణి బొమ్మను చేతిలోకి తీసుకుని, పావడా అంచును బొటనవేలితో నిమురుతున్నాడు. అంతటి మనిషి నా పని చూసి మెచ్చుకుంటున్నాడని నా కాళ్లు నేల మీద ఆనలేదు. ముదురాకుపచ్చ చీరలో అత్త ఆయనకు ఎదురుగా నిలబడి ఉంది. నన్ను చూసింది. చూసి కూడా, గదిలో అందరికీ వినబడేటట్టు, "మైసూరు నుంచి తెప్పిచ్చినా మామా, ఆడ బొమ్మలకని పనిగట్టుకొని నేసేవాళ్లు ఉండారంట" అంది.

పళ్లెం అక్కడే కింద పెట్టి ఇంటికి వచ్చేశాను. నాయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భర్తకు కూడా చాలా ఏళ్ల తరువాత చెప్పాను, ఆయన నవ్వాడు, అదీ గుర్తుంది.

మరుసటి ఏడు దసరాకు ముందు అత్త తానే బొమ్మలను తువాలులో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. మగ్గం పక్కన కూర్చుని మూట విప్పి, "ఏమే, ఈతూరి మా రాజారాణికి గుడ్డలు కుట్టవా?" అంది.

"మైసూరు నుంచి తెప్పిచ్చుకో అత్తా" అన్నాను.

నాయన మగ్గం ఆపి, "పెద్దోళ్లతో అట్లా మాట్లాడేది?" అని గద్దించాడు. అత్త ముఖం వాడిపోయింది. "ఉండనీలేన్నా, పిల్లది" అని బొమ్మలను మళ్లీ చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు, తరువాత గుంటలో కూర్చున్న నాయన వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నాకు తెలిసి నేను గెలిచాను. ఆ తరువాత ఆమె ఇంటి కొలువుకు మళ్లీ పోలేదు. పెళ్లిళ్లకు పోయాను, పురుళ్లకు పోయాను, ఆమె పోయినప్పుడు కర్మలకూ పోయాను, కానీ కొలువు గదిలో అడుగు పెట్టలేదు.

కాబట్టి ఆ ఫోటో చూసిన మధ్యాహ్నం నేను పడుకోలేదు. బొమ్మలు ఇప్పుడు అత్త కూతురి దగ్గర, అంటే నాకంటే మూడేళ్లు పెద్దదైన మా వదిన దగ్గర ఉన్నాయి. ఆమె బెంగళూరులో ఉంటుంది, ప్రదర్శనకు ఇచ్చింది ఆమే అయివుండాలి. వెంటనే ఫోను చేశాను. బాగోగులు కూడా అడగకుండా, ఆ అట్టముక్క మీది మాట తీయించి నా పేరు రాయించమని చెప్పాను. సాక్ష్యం కావాలంటే రవికె వీపు విప్పి చూడమన్నాను, మూడు ముడులుంటాయి, కింది ముడి కొంచెం వంకర అన్నాను.

వదిన చాలాసేపు నవ్వింది. "నువ్వు మారలేదు కదే. పండ్లూడినా నీ మొండితనం ఊడలేదు" అంది. తరువాత గొంతు తగ్గించి, "అమ్మ ఆ పొద్దు ఎందుకు అట్లన్నిందో నీకు నిజంగా తెలీదా?" అని అడిగింది.

నాకు తెలియదు. నేను విన్నది అత్త జవాబు మాత్రమే. పెద్దాయన వేసిన ప్రశ్న నేను గుమ్మంలోకి రాకముందే అయిపోయింది.

"తాత అంచు పట్టుకొని చూసినాడే. ఇది చీర కోసి కుట్టింది కాదు, ఎవరో పనిగట్టుకొని మగ్గం మీద నేసినారు, జరీ మనదాని మాదిరే ఉండాది, యాడిది అన్నాడు. అమ్మ నీ పేరు చెప్పింటే మీ నాయన పేరు చెప్పినట్లే కదా. ఆ కరువులో మీ నాయనకు మళ్లా పడుగు ఇచ్చేటోడా? దొంగ అని ముద్ర పడిపోయేది. అమ్మకు నోటికొచ్చింది మైసూరు."

పాత చీర ముక్కతో కుట్టి ఉంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. వేలు మందం అంచు కావాలని నేను పెట్టిన పేచీయే, ఊరిలో ఇంకెవరి బొమ్మలకూ లేదని నేను మురిసిపోయిన ఆ సన్నంచే, తక్కెడ ముందు బతుకంతా గడిపిన ఆ ముసలాయన కంటికి సూటిగా తగిలింది. గదిలో అందరి ముందు ఆయన మా నాయన పేరు ఎత్తబోయే లోపల అత్త అడ్డుపడింది. మరుసటి ఏడు మా ఇంటికి వచ్చినప్పుడు నాకు చెబుదామనే వచ్చిందేమో. చెబితే నాయన వింటాడు. చెల్లెలు తన కోసం మామగారి ఎదుట అబద్ధం చెప్పాల్సి వచ్చిందని తెలిస్తే ఆయన మళ్లీ ఆ ఇంటి పడుగు ముట్టేవాడు కాడు, మాకు వేరే గతి లేదు. అందుకే ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

వదిన ఇంకొక మాట చెప్పింది. నేను కుట్టనన్న తరువాత అత్త ఆ బొమ్మలకు వేరే బట్టలు తొడగనివ్వలేదట. ఏటా కొత్తవి కట్టాలని అత్తగారు పోరినా, "ఉండేవి బాగుండాయి" అని, ఉన్నవాటినే నీడలో ఆరవేసి, మడతలు దువ్వి, మళ్లీ అవే కట్టేదట. అందుకే యాభై ఐదేళ్ల తరువాత కూడా అద్దాల బీరువాలో నిలబడటానికి అవి మిగిలాయి.

"ఇంగ చెప్పు, అట్ట మీద ఏం రాపిచ్చేది?" అని వదిన అడిగింది. నా పేరు రాయించమన్నాను. నేసింది మా నాయన అని కూడా రాయించమన్నాను. మూడో రోజుకు కొత్త అట్టముక్క ఫోటో వచ్చింది. బెంగళూరు బొమ్మలావిడకు దాన్నే పంపి, ఔతుంది అని జవాబు రాశాను. అంతటితో నా కడుపు చల్లబడాలి. ఇన్నేళ్లు మోసినదాన్ని దింపి చూస్తే కింద పెట్టడానికి చోటు తెలియలేదు.

ఇప్పుడు మా వీధిలో మరమగ్గాలు పగలంతా టకటకమంటాయి. పట్టు తుంపులు గోనెసంచులకు ఎత్తి గుమ్మాల బయట పెడతారు, నేను పోయి అడిగితే ఎంత కావాలంటే అంత తీసుకుపోమంటారు, ఏమిటికని కూడా అడగరు. నా బొమ్మలకు ఇప్పుడు గుడ్డ కరువు లేదు. జానెడు మిగులు కోసం తలుపు ఓరగా వేసుకునే నేతగాడు లేడు, జరీ నిమిరి ఎవరిదో చెప్పగలిగిన షావుకారూ లేడు. ఈ పట్టు ఎవరిదని నిలదీసేవాళ్లు పోయారు, వాళ్ల కంటే ముందు మాట అందుకుని మన మనిషికి అడ్డం నిలబడేవాళ్లూ పోయారు.

అయినా అత్త నాకు ఒక్క మాట చెప్పి ఉండవలసింది. నాయన మగ్గం దిగి కండెల కోసం బజారుకు పోయిన ఏదో ఒక పూట, నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది. పదకొండేళ్లదాన్నైనా దాచుకునేదాన్ని. ఇంత కాలం ఆ కోపాన్నంతా దాచుకున్నదాన్ని, అది మాత్రం దాచుకోలేనా. ఆమె మీద నా ఫిర్యాదు ఇప్పుడిది ఒక్కటే, దీన్ని మాత్రం నేను వదలను.