చుక్కలక్క శుక్రవారం నొక్కని బటన్

మీరు చుక్కలక్కను ఒక్కసారైనా కలిసి తీరాలి. చూపులేని పిల్లల బడిలో బ్రెయిలీ ప్రింటర్ నడిపేది ఆవిడే. కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా పొడిచే ఆ యంత్రం బడి మొత్తానికీ ఒక్కటే. అది మొదలైతే పక్క గదిలో పాఠం ఆగాల్సిందే, అంత మోత.

అక్కకు అప్‌డేట్ అంటే పడదు. ఒకప్పుడు ప్రింటర్‌ను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రామ్ మారిస్తే తెలుగు బ్రెయిలీ మొత్తం గల్లంతై వారం ఏడిపించిందట. అప్పట్నుంచీ కంప్యూటర్ ఎప్పుడడిగినా 'తర్వాత' నొక్కడమే.

మొన్న శుక్రవారం పొద్దున లెక్కల ప్రశ్నపత్రం మొదటి కాపీ వచ్చింది. పరీక్ష సోమవారం. పదకొండు మంది పిల్లలు, తలా ఇరవై రెండు పేజీలు. ఆ గదిలో ఆఖరి మాట కళ్లది కాదు, వేళ్లది. చూపులేని లెక్కల మాస్టారు తడిమి తలూపితేనే కట్ట కదులుతుంది.

"అమ్మాయ్, ఐదో లెక్కలో మూడు గంటలన్నాను. ఒకటుందేంటి?"

"స్క్రీన్ మీద మూడే ఉంది మాస్టారూ!"

"అయితే పరీక్ష నీ స్క్రీన్‌కే పెడదాం."

ప్రతి పేజీ చివరి వరసలో ఒక్కో అంకెకూ కుడివైపు పై చుక్క పడటం లేదు. అది లేకపోతే మూడు ఒకటవుతుంది, నాలుగు ఐదవుతుంది. పిల్లలు లెక్క సరిగ్గా చేసినా జవాబు తప్పే.

అక్క తమ్ముడు పరుగున వచ్చి కంపెనీ వెబ్‌సైట్ తీశాడు. సరిగ్గా ఈ లోపానికే కొత్త ఫర్మ్‌వేర్, అంటే యంత్రం లోపలుండే ప్రోగ్రామ్, వచ్చి ఎనిమిది నెలలైంది.

"పది నిమిషాల పనక్కా, నొక్కెయ్."

"మధ్యలో కరెంటు పోతే?"

"పోదులే."

"కరెంటేమన్నా నీ బావమరిదా, నీ మాట వినడానికి?"

"బ్యాటరీ ఉందిగా!"

"అది మూడు నిమిషాల ముచ్చట. సగంలో ఆగితే ఇది ఇనప్పెట్టే. తప్పు నాదేరా, ఎనిమిది నెలలు వాయిదా వేసింది నేనే. దానికి పిల్లల పరీక్షని పందెం పెట్టను."

ఆ లోపంతోనే అన్ని కాపీలూ ప్రింట్ తీసింది. తర్వాత మొద్దు మొన సూది పట్టుకుని కూర్చుంది. పడని చుక్కను కాగితం తిరగేసి, వెనక నుంచి పొడవాలి. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. రెండు వందల నలభై రెండు పేజీలు. అక్క పొడవడం, మాస్టారు తడమడం. బొటనవేలు బొబ్బలెక్కింది. ఆదివారం మధ్యాహ్నానికి మాస్టారు ఆఖరి పేజీకి తలూపారు.

సోమవారం పిల్లలు రాయడం మొదలుపెట్టగానే, అంతవరకూ దొరకని పెద్ద బ్యాటరీ పక్క ఆఫీసు నుంచి అడిగి తెచ్చి, పాత ఫైళ్లు వేరే చోట దాచి, అప్పుడు నొక్కింది. పది నిమిషాలే పట్టింది. చుక్క బంగారంలా పడింది.

ఇప్పుడు ఆ గోడ మీద పెద్దక్షరాలతో ఒక కాగితం ఉంది: 'నెలలో మొదటి సోమవారం అప్‌డేట్. పరీక్షల వారంలో మాత్రం చెయ్యి పెట్టొద్దు.'

తమ్ముడు మాత్రం ఇంకా సణుగుతూనే ఉన్నాడు, "పది నిమిషాల పనికి మూడు రోజులా!" అని.

చెప్పండి, ఆ శుక్రవారం పొద్దున అక్క కుర్చీలో మీరుంటే బటన్ నొక్కేవాళ్లా, సూది పట్టేవాళ్లా?